ఎవురు పంపినారు?

సంకురాత్రి పోయిన నాలుగోదినం. తెల్లారకముందే లేచి సంచి వీపుకు తగిలించుకున్నాను. మా పాప హైదరాబాదులో చదివేటప్పుడు కొనుక్కున్న సంచి అది. రెండు భుజాలకూ పట్టీలు, నడుముకు ఒక పట్టీ, పక్కన నీళ్లసీసా పెట్టుకునే జేబు. అందులో ఆరు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, రెండు శేర్ల బియ్యం, చిన్న గిన్నె, దుప్పటి, ఒక టార్పాలిన్ పట్ట, టార్చిలైటు. గడప దాటబోతుంటే అరుగుమీద పండుకున్న మా అమ్మ లేచి కూర్చుంది. చీకట్లో నన్నూ, నా వీపుమీది మూటనూ చూసి ఒకటే మాట అడిగింది.

"ఎవురు సచ్చినార్రా నాయనా?"

ఎవరూ చావలేదని చెప్పినాను.

"మరి ఈ యాళప్పుడు ఒగనివే యాడికి?"

ఏట్లో ఒక గడ్డ ఉంది, అక్కడ మూడు దినాలు ఒంటరిగా ఉండి వస్తానన్నాను.

"ఎవురు పంపినారు?"

ఎవరూ పంపలేదన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఎనభై దాటిన మనిషికి అర్థమయ్యేటట్టు నేను చెప్పలేకపోయినాను. నిజానికి నాకే అది సరిగ్గా తెలియదు. తెలియనిదాన్ని తేల్చుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అమ్మ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. మా తాత ఎట్టి మాదిగ. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్యలో మా ఊరు. 1953 దాకా మా తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఊర్లో పెద్దకులాల ఇండ్లల్లో ఎవరన్నా పోతే చుట్టాల ఊర్లకు సావు కబురు మోసే పని మా తాతది. అర్ధరాత్రయినా, వానయినా లేచి పోవాల్సిందే. భుజాన కంబళి, చేతిలో కట్టె, మూటలో సద్ది. ఆలూరు సీమకు, పత్తికొండ పక్కకు, ఒక్కోసారి ఏరు దాటి రాయచూరు పక్కకు కూడా పోయినాడంట. ఒగడే. పోయినాక వాకిలి బయటనే నిలబడి కబురు చెప్పాలి. సావు కబురు తెచ్చిన మొగం ఎవరూ చూడరు. కొంగుపట్టి పోయించుకున్న జొన్నలో, చేతిలో వేసిన ముద్దో తీసుకొని అదే దారిన తిరిగి రావాలి. అందుకే మా ఇంట్లో ఒక మనిషి ఒంటరిగా, మూటతో, చీకట్లో బయలుదేరినాడంటే అర్థం ఒకటే. ఎవరో చచ్చినారు. ఎవరో పంపినారు.

ఆ దారుల్లో మా తాత వంకలు చూసినాడు, గుట్టలు చూసినాడు, తోడేళ్లను చూసినాడు, వెన్నెల చూసినాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆయన చేసింది ఒంటరి యాత్రే. కానీ ఆయన ఏనాడూ "నేను చూసొచ్చినాను" అని చెప్పలేదు. "నన్ను పంపినారు, పోయొచ్చినాను" అనే చెప్పేవాడు. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో తెలుసుకోవడానికి నాకు యాభై తొమ్మిదేండ్లు పట్టింది.

మా సీమలో యాత్రల గురించి రాసిన చరిత్ర లేకపోలేదు. దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో గుర్రం మీద, డేరాల్లో ఈ ఊర్లన్నీ తిరిగినాడు. తర్వాత మద్రాసు గవర్నరయి, 1827 జులైలో కలరా తగిలి మా పక్కనున్న పత్తికొండలోనే చనిపోయినాడు. ఆయన డేరా గురించి చదివినాను. ఆయన న్యాయబుద్ధి గురించి చదివినాను. ఆ డేరాలు ఊరినుంచి ఊరికి ఎవరి నెత్తిమీద పోయినాయో మాత్రం నేను చదివిన పుస్తకాల్లో కనపడలేదు. దొరల కేంపు సామాను మోయడం ఎట్టివాని పని అని మా గేరిలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఒకే దారి. ఒకడు ప్రయాణం చేస్తాడు. ఇంకొకడు మోస్తాడు. చరిత్రలోకి ఎక్కేది మొదటివాడే.

మరి నాకీ బుద్ధి ఎట్ల పుట్టింది?

నా దగ్గర చదువుకున్న పిల్లోడు ఒకడు ఇప్పుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉన్నాడు. ఎమ్మిగనూరు పక్క పల్లెలోని మాదిగగేరి బిడ్డ. పోయిన ఎండాకాలం ఫోన్ చేసినాడు. సుపీరియర్ అనే పెద్ద సరస్సులో ఐల్ రాయల్ అని ఒక దీవి ఉందంట. 1940 నుంచి అది జాతీయ వనం. కార్లు తిరిగే రోడ్డే లేదు. తోడేళ్లు, మూస్ అనే పెద్ద దుప్పులు ఉంటాయి. ఆ తోడేళ్లనూ దుప్పులనూ 1958 నుంచి శాస్త్రవేత్తలు లెక్కపెడుతున్నారు. చలికాలమంతా దీవిని మూసేస్తారు. మిగతా నెలల్లో జనం సంచులు వీపున వేసుకొని పడవ దిగి, తిండి, గుడారం అన్నీ తామే మోసుకుంటూ నడుస్తారు. మావాడు ఒంటరిగా పోయినాడు. మొదటి దినం సంగతి చెప్తూ వాడు అన్నమాట ఇది:

"దారిలో ఎదురొచ్చినోళ్లు హలో అని పోతాన్నారు సార్. నువ్వెవరు, ఏ ఊరు, ఇంటిపేరేంది అని ఒక్కరూ అడగలేదు. రాత్రి గుడారంలో పండుకుంటే ఏడుపొచ్చింది సార్. బాధేం లేదు. మరి ఎందుకొచ్చిందో తెలీదు."

మనోళ్ల విందులకు పోతే ఇంటిపేరు అడిగి లెక్క కడతారని వాడే ఇంతకుముందు చెప్పినాడు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ ప్రత్యేకంగా చట్టం చేసింది. అంటే కులం సముద్రాలు దాటింది. ఆ అడివిదీవిలోకి మాత్రం ఆ పొద్దు రాలేదు. వచ్చి ఉంటే వాని సంచిలోనే వచ్చి ఉంటుంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. నాక్కూడా పోవాలనిపించింది. మా తుంగభద్రలో గడ్డలకేం కొదవ? ఏరు తగ్గినాక గుండ్లూ, ఇసుకా, తుమ్మచెట్లూ తేలే గడ్డలు ఎన్నో. నేను ఎంచుకున్నదానికి పేరు లేదు. ఎక్కడుందో కూడా ఇక్కడ రాయను. రాస్తే ఇసుక ట్రాక్టర్లకు దారి చెప్పినట్టవుతుంది.

ముందురోజు ఆదోనిలో నా ఉద్యమ మిత్రునికి ఈ సంగతి చెప్పినాను. 1994లో దండోరా మొదలైనప్పటినుంచి కలిసి నడిచినోళ్లం. జెండా కింద ఎన్ని మైళ్లు నడిచినామో లెక్కలేదు. టీ తాగుతా తాగుతా గ్లాసు కింద పెట్టినాడు.

"నీకేమన్నా పిచ్చా? మన బతుకే ఊరిబయట. బయటికి తోసేసినోడు ఇంకా బయటికి పోయి ఏం చూస్తాడు? అడివి అందం ఊరున్నోనికిరా. ఇల్లు నిండిపోయి విసుగుపుట్టినోనికి ఒంటరితనం తీపి. మన గేరి జనం మూటలు నెత్తిన పెట్టుకొని సుగ్గికి పోతాన్నారు. నువ్వు మూట ఎత్తుకొని ఆట ఆడతావా?"

నేను జవాబు చెప్పలేదు. వాడు అన్నదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆ మాటనూ సంచిలో వేసుకొనే బయలుదేరినాను.

ఆదోని బస్టాండులో నా మిత్రుని మాటలే ఎదురుగా నిలబడినాయి. పత్తి మిల్లులతో, జిన్నింగు ఫ్యాక్టరీలతో ఒకప్పుడు రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు ఇది. చుట్టూ ఉన్న పల్లెల జనం మాత్రం పని కోసం గుంటూరు మిరపచేలకు, తెలంగాణ పత్తిచేలకు పోతారు. కోసిగి, పెద్దకడుబూరు, హొళగుంద పక్కనుంచి ఏటేటా ఇంటికి తాళం పెట్టి పోయేవాళ్లే. తుంగభద్ర దిగువ కాలువ మా సీమ గుండానే పోతుంది. కాలువ పక్కనుంచి పోతుంది, జనం కాలువ పక్కనుంచి పోతారు. నీళ్లు చేరని చేలు, చేలే లేని చేతులు. బడిలో పేరున్న పిల్లోళ్లు కూడా వాళ్లతోనే పోతారు. హాజరుపట్టీలో నేనే వాళ్ల పేర్ల ఎదురుగా సున్నాలు చుట్టినాను.

బస్టాండులో ఒకామె మూటమీద కూర్చొని ఉంది. చంకలో బిడ్డ, పక్కన బియ్యం సంచి, పొయ్యిమీది కుండలు చీరలో కట్టిన మూట. నా వీపు చూసి నవ్వింది.

"నువ్వూ సుగ్గికేనాన్నా?"

కాదన్నాను.

"మరి అంత మూట? యా మేస్త్రీ పంపినాడు?"

మళ్లీ అదే ప్రశ్న. మా అమ్మ అడిగింది చచ్చినోళ్ల గురించి. ఈమె అడిగింది అడ్వాన్సు ఇచ్చినోని గురించి. పంపేవాడు మారినాడు. మూట మోసేవాళ్లు మారలేదు. నేను ఆమెకు ఏం చెప్పాలి? ఊరికే పోతున్నానమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. "ఎమ్మిగనూరుకు" అని మాత్రం అన్నాను. సిగ్గయింది. ఆ సిగ్గు సరైందేనా కాదా అనేది ఈ వ్యాసంలో నేను తేల్చాల్సిన మొదటి లెక్క.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరి పేరును దూరదూరాలకు తీసుకుపోయింది. జాతర దినాలు కావడంతో బస్టాండు కిటకిటలాడుతుంది. అక్కడినుంచి నందవరం మీదుగా నాగలదిన్నె పక్కకు పోయినాను. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలు పట్నాన్ని ముంచినప్పుడు నాగలదిన్నె కూడా మునిగింది. అక్కడి పాత వంతెన కొట్టుకుపోయింది. ఆ వరదలో ఊరూ మునిగింది, గేరీ మునిగింది. మిట్టమీదికి ఎక్కి కూర్చున్న జనం కొద్ది దినాలు కలిసి ఉన్నారు. నీళ్లు తీసినాక మళ్లీ ఎవరి గేరికి వాళ్లు పోయినారు. ఏరుకు చేతనైంది అంతవరకే.

ఏటి ఒడ్డున పుట్టి నడిపే ఒక పెద్దాయన దొరికినాడు. గడ్డకు దింపి మూడోనాడు వచ్చి తీసుకుపొమ్మన్నాను. నన్ను కిందికీ మీదికీ చూసినాడు.

"ఇసుక కేసా సారూ? యా ఆఫీసు పంపినాది?"

"యా ఆఫీసూ లేదు పెద్దాయనా. ఊరికే."

"ఊరికేనా?" అని నవ్వినాడు. పుట్టి నీళ్లల్లో గుండ్రంగా తిరిగి దారిలో పడింది. సగం ఏరు దాటినాక ఆ ప్రశ్న రానే వచ్చింది. "తప్పనుకోవద్దు సారూ. మీరేమిట్లోళ్లు?"

నా చేతులు సంచి పట్టీని గట్టిగా పట్టుకున్నాయి. డిగ్రీ చదివేటప్పుడు ఆదోనిలో ఒక గది బాడుగకు అడగబోయి ఇదే ప్రశ్నకు నేను వేరే కులం పేరు చెప్పినాను. ఎనిమిది నెలలు ఆ అబద్ధంలో బతికినాను. మా నాయన నన్ను చూడ్డానికి వస్తే వీధి చివరి టీకొట్టు దగ్గరే కలిసి పంపేసినాను. ఆయన ఎందుకని అడగలేదు. అడగకపోవడమే ఇప్పటికీ నన్ను కోస్తుంది.

ఈ అబద్ధం నా ఒక్కడిదే కాదు. అంబేద్కర్ తన అనుభవాలు రాసిన 'వీసా కోసం నిరీక్షణ'లో 1934 నాటి ఒక యాత్ర ఉంది. ముప్పై మంది దాకా కలిసి వేరూళ్ల బౌద్ధగుహలు చూడ్డానికి పోతా దారిలో దౌలతాబాదు కోట దగ్గర ఆగినారు. దారిలో ఇబ్బందులు తప్పించుకోవడానికి తామెవరో బయటపెట్టకుండానే పోతున్నారు. కోటముందున్న నీళ్లతొట్టిలో దుమ్ము మొగాలు కడుక్కున్నారు. అంతే. వెనకనుంచి ఒక ముసలాయన కేకలేస్తా వచ్చినాడు, అంటరానోళ్లు నీళ్లు మైల చేసినారని. జనం పోగయినారు. చివరికి లోపలికి పోనిచ్చినారు గాని, నీళ్లు ముట్టకుండా చూడ్డానికి ఒక ఆయుధమున్న సిపాయిని వెంట పంపినారు. అప్పటికే రెండు దేశాల్లో పెద్ద చదువులు చదివి, మహద్ చెరువు పోరాటం నడిపి, రౌండ్‌టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వచ్చిన మనిషి ఆయన. చూడ్డానికి పోయినవాని వెనక సిపాయి!

చూడ్డానికి పోవడం చిన్న సంగతి అనుకుంటాం. బావి, భూమి, కూలి, చదువు, వీటి పక్కన విహారం ఒక సమస్యనా అనుకుంటాం. కానీ మనువాదం దాన్ని చిన్న సంగతి అనుకోలేదు. అమెరికాలో నల్లవాళ్ల విషయంలో తెల్లవాళ్లూ అనుకోలేదు. వర్జీనియాలోని షెనాండోవా జాతీయ వనంలో 1939లో నల్లవాళ్లకు విడిగా లూయిస్ మౌంటెన్ అనే చోటు చూపించి బోర్డు పెట్టినారు. ఆ వేర్పాటు పూర్తిగా పోయింది 1950లో. చెట్లకు తెలియని గీతను మనుషులు చెట్ల మధ్య కూడా గీసినారు. మనిషిని పని ఉన్నచోటికి పంపొచ్చు. పని లేనిచోటికి వాడంతట వాడు పోతే మాత్రం వాడు మనిషినని చెప్పుకున్నట్టే. అది వాళ్లకు తెలుసు.

పుట్టిలో కూర్చొని "మాదిగోళ్లం పెద్దాయనా" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

ఆయన తెడ్డు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ పడింది. "అట్లనా" అన్నాడు. కొంచెం సేపయినాక, "మాపటికి గుండ్లమీద పండుకో సారూ. నీళ్లంచున వద్దు. మొసళ్లు తిరుగుతాయి" అన్నాడు. గడ్డమీద దింపినాక రొట్టె ఇస్తే తీసుకున్నాడు. అక్కడ తినలేదు. తుండుగుడ్డలో కట్టుకున్నాడు. ఇంటికి తీసుకుపోయినాడో, ఏట్లో వేసినాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని వెనక్కి చూడలేదు. ఆ పొద్దు నాకు నేను ఇచ్చుకున్న మొదటి సెలవు అదే.

పుట్టి కనుమరుగయింది. నేనొక్కణ్ణే.

ఇటు ఒడ్డు ఆంధ్ర, అటు ఒడ్డు తెలంగాణ. మధ్యలో ఈ గడ్డ. ఊరు లేదు. ఊరే లేకపోతే ఊరిబయట ఎక్కడుంటుంది? గేరి ఎక్కడుంటుంది? ఒక్క మనిషి ఉన్నచోట అంటరానివాడు ఎవడు? అంటరానితనానికి కనీసం ఇద్దరు కావాలి. నేను ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి ఈ గడ్డమీద కులం లేదు. ఇట్ల తర్కం చేసుకొని సంబరపడినాను.

ఆ సంబరం గంట కూడా నిలబడలేదు.

పట్ట కట్టుకున్నాక దప్పికయింది. సీసా ఖాళీ. గిన్నె తీసుకొని నీళ్లకు పోయినాను. గుండ్లు దాటుకుంటా, ఇసుకలో కాళ్లు కూరుకుంటా, ముండ్లు తప్పించుకుంటా చాలాసేపు నడిచినాను. నీళ్లు వంచుకునేటప్పుడు తల ఎత్తి చూస్తే నేనున్నది గడ్డకు కిందితల. ఏరు గడ్డను దాటుకొని పోయే చోటు. నేను దిగిన జాగాకు పది అడుగుల్లోనే తేటనీళ్లు ఉన్నాయి. పైతలకు పోతే ఇంకా తేటగా ఉంటాయి. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, నా కాళ్లు నన్ను కిందికి తీసుకొచ్చినాయి.

మా ఊరి వంకలో నీళ్లకు వరస ఉండేది. అన్నిటికంటే పైన ఊరోళ్లు. దానికింద బర్రెలు కడిగే చోటు. ఆ కింద మాలోళ్లు. అన్నిటికంటే కింద మేము. ఏడేండ్ల వయసులో తెలియక పైకి పోయి దోసిలి పట్టినందుకు తిన్న దెబ్బ నాకు గుర్తుంది. కొట్టింది ఊరోళ్లు కాదు. మా అమ్మే. వాళ్లు చూసి ఉంటే ఏమయ్యేదో ఆమెకు తెలుసు కాబట్టి ముందే కొట్టింది.

ఇద్దరు కావాలన్నాను కదా! తప్పు. ఒక్కడు చాలు. ఆ రెండోవాణ్ణి వాళ్లు మన లోపలే కూర్చోబెట్టి పోయినారు. ముప్పై ఏండ్లు ఉపన్యాసాలు ఇచ్చినాను. అంబేద్కర్ జయంతికి పిల్లలచేత ప్రతిజ్ఞలు చేయించినాను. నా తలకు అన్నీ తెలుసు. నా కాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. జెండా కింద వేలమందితో నడిచినప్పుడు ఇది నాకు కనపడలేదు. పదిమందిలో ఉన్నప్పుడు నా కాళ్లు పదిమంది కాళ్లతో పోతాయి. ఒంటరిగా ఉన్నప్పుడే అవి ఎవరి మాట వింటున్నాయో తెలిసింది.

గిన్నెలోని నీళ్లు అక్కడే పారబోసినాను. లేచి గడ్డ పొడుగునా పైతలకు నడిచినాను. పొద్దు కుంకుతుంది. పైతలన ఏరు రెండుగా చీలి గడ్డను చుట్టుకుంటుంది. మోకాలిలోతు దిగి, దోసిలి పట్టి, ఏరు ముందుగా నన్ను తాకేచోట నీళ్లు తాగినాను. మూడుసార్లు తాగినాను. పైనున్న ఊర్ల మురికి అంతా ఆ నీళ్లల్లో ఉండే ఉంటుంది. రుచిలో తేడా ఏమీ లేదు. ఏడుపు మాత్రం వచ్చింది. మిషిగన్ పిల్లోడు ఎందుకేడ్చినాడో అప్పుడు తెలిసింది.

చీకటి పడినాక మంటపెట్టి గంజి కాచుకున్నాను. మంటముందు కూర్చుంటే ఐల్ రాయల్ గురించి వాడు చెప్పిన ఇంకో కథ గుర్తొచ్చింది. 1845లో రాగి కోసం వచ్చిన కంపెనీ మనుషులు, తాము కనిపెట్టిన రాగికి కాపలాగా ఒక ఆలుమొగుళ్లను అక్కడ దింపిపోయినారు. మొగుడు చార్లీ మాట్. ఆమె ఏంజెలిక్, ఒజిబ్వే ఆదివాసి. కొద్దిగా పిండి, వెన్న, చిక్కుడుగింజలు ఇచ్చి, త్వరలోనే పడవలో తిండి పంపుతామన్నారు. పడవ రాలేదు. చలికాలం వచ్చింది. మొగుడు ఆకలితో చచ్చిపోయినాడు. ఆమె తన తలవెంట్రుకలతో ఉచ్చులు పేని కుందేళ్లను పట్టుకొని వసంతం దాకా బతికింది. ఈ పొద్దు అదే దీవికి జనం సంచులు తగిలించుకొని ఏకాంతం కోసం పోతారు. మంచిదే. కానీ ఆ దీవిలో ఒంటరితనం అంటే ఏమిటో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఏంజెలిక్. ఆమెను పంపినారు. పంపి మరిచిపోయినారు.

పిల్లలకు మేం చెప్పే దీవి కథ ఇంకొకటి, రాబిన్సన్ క్రూసో. 1719లో వచ్చిన నవల. ఒంటరి మనిషి స్వయంశక్తి గురించి పాఠం చెప్తాం. దీవిలో రెండోమనిషి దొరకగానే క్రూసో వానికి పేరు పెట్టినాడు, నన్ను 'యజమానీ' అని పిలువు అని నేర్పినాడు. ఇద్దరయినారో లేదో, ఊరూ గేరీ తయారు!

కాబట్టి ఒంటరితనం ఒకటి కాదు. వెలి వేరు, ఏకాంతం వేరు. వెలిలో తలుపు వేసేది ఇంకొకడు. ఏకాంతంలో తలుపు తీసుకొని పోయేదీ నేనే, తిరిగొచ్చి తట్టేదీ నేనే. దూరంనుంచి చూస్తే రెండూ ఒక్కతీరే కనపడతాయి, ఒక మనిషి, ఒక మూట. నా మిత్రుడు దూరంనుంచి చూసినాడు. ఊరిబయట ఉన్నోనికి ఒంటరితనం ఎందుకు అన్నాడు. గేరిలో మాకు ఒంటరితనం ఎప్పుడుంది? ఒకే గదిలో ఏడుగురం పండుకున్నాం. వెలివేసినారు గాని, ఒంటరిగా ఉండనీయలేదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. వెలివాడ అంటే పిలుపుకు అందేంత దూరం, ముట్టుకోవడానికి అందనంత దూరం. ఆ కొలత వాళ్లదే.

ఇంకో మాట. 2014 మే 25న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఇద్దరు, మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్, ఎవరెస్టు ఎక్కినారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలేదు. మేం గేరిలో మిఠాయిలు పంచినాం. నా మిత్రుడు కూడా పంచినాడు. శిఖరం ఎక్కితే చప్పట్లు కొడతాం. గెలుపు ఉంది కాబట్టి. ఏ శిఖరమూ లేకుండా, ఏ పతకమూ లేకుండా, మన పిల్లోడో పిల్లో ఊరికే ఒక దినం అడివిలో కూర్చొని వస్తానంటే మాత్రం అనుమానపడతాం. మన బతుకులో ప్రతి అడుగుకూ ఒక లెక్క చెప్పాలని ఎవరు నేర్పినారు మనకు? ఎట్టివాణ్ణి అడిగే ప్రశ్నే కదా అది, యాడికి పోతాండావు, ఎవురు పంపినారు అని!

అయితే బస్టాండులో మూటమీద కూర్చున్న ఆమె? ఆమె ముందు నాకయిన సిగ్గు సరైందే. దాన్ని నేను తీసేసుకోను. నాకు జీతముంది, సెలవుంది, తిరిగిపోవడానికి తాళం వేయని ఇల్లుంది. ఆమెకు ఇవి లేవు. ఆమెకు లేదు కాబట్టి నేనూ వద్దనుకుంటే ఆమె మూట ఒక్క గింజ కూడా తేలిక కాదు. కానీ నేను ఇక్కడ తాగిన నీళ్లను నా ఒక్కడి ఆనందంగా దాచుకుంటే నేనూ పైతలన కూర్చున్న ఇంకో పెద్దమనిషినే అవుతాను. కూలి, భూమి, ఊర్లోనే పని కావాలని అడిగే మన పోరాటంలో ఇది కూడా చేర్చాలి. ఏ మేస్త్రీ పంపకుండా, ఏ అప్పూ తరమకుండా ఆమె తన బిడ్డను చంకన వేసుకొని ఏరు చూడ్డానికి పోయే ఒక దినం. కడుపు నిండినాక అడగాల్సిందని పక్కనపెట్టొద్దు. మన కడుపుల దగ్గరే మన లెక్క తెగ్గొట్టిన వాళ్లతోనే కదా మన తగువు.

రాత్రి చాలా పొద్దుపోయినాక తీతువు పిట్ట అరుచుకుంటా గడ్డమీదినుంచి పోయింది. తీతువు అరిస్తే సావు కబురు వస్తుందని మా అవ్వ చెప్పేది. మా తాత ఆ అరుపు విని, పిలుపు రాకముందే లేచి కంబళి సర్దుకునేవాడంట. నేను గుండుమీద దుప్పటి కప్పుకొని పండుకొని విన్నాను. ఎవరూ పిలవలేదు. లేవాల్సిన పని లేదు. కొంచెం సేపు నక్షత్రాలు చూసినాను. మా తాత ఇవే నక్షత్రాల కింద ఎన్నో రాత్రులు నడిచినాడు. పరుగులో తల ఎత్తినాడో లేదో.

తిరిగిపోయినాక మా అమ్మ మళ్లీ అడుగుతుంది. ఈసారి చెప్పగలను. "ఎవురూ సావలేదుమా. ఎవురూ పంపలేదు. నేనే పోయినాను. ఏట్లో పైతలన నీళ్లు తాగినాను" అని.

కొడుతుందో, నవ్వుతుందో చూడాలి.